జములమ్మ ఫోల్డర్లో చీరలు

నాగేంద్రమ్మ మోకాలి ఎక్స్‌రే హైదరాబాదులో చీరలు కొనేవాళ్ళకు చీర ఫోటోగా వెళ్ళింది. గద్వాలలో నాగేంద్రమ్మ ఇంటి రభస అక్కడ మొదలైంది.

తప్పు కోడలు రజనిదే. ఆమె కాదనలేదు కూడా. హైదరాబాదులో ఉండే అర్చన అనే అమ్మాయి వాళ్ళ దగ్గర అప్పుడప్పుడూ చీరలు కొంటుంది. పోయిన నెల చూపించిన ముదురు రంగు చీర మళ్ళీ ఒకసారి పెట్టమని అడిగింది. రజని ఫోను తెరిచి వేలితో తోయడం మొదలుపెట్టింది. చీరల వెనక ఆడపడుచు కొడుకు పుట్టువెంట్రుకలు, వాటి వెనక గ్యాసు రసీదులు, ఎవరెవరో పంపిన శుభోదయం గులాబీలు, అలంపూరు గుడి ముందు వరసగా నిలబడి దిగిన ఫోటోలు, మళ్ళీ చీరలు, మళ్ళీ గులాబీలు. తోసి తోసి విసుగొచ్చాక నల్లగా ఒకటి కనబడింది. హమ్మయ్య అనుకొని పంపేసింది. అర్చన మర్యాదస్తురాలు. కాసేపు చూసుకొని, బాగుంది గాని దీనికి అంచు లేదేమిటని అడిగింది.

అంచు ఎట్లా ఉంటుంది? అది దవాఖానాలో తీయించిన నాగేంద్రమ్మ కుడి మోకాలు.

అర్చన ఆ చీరను ఇంకో చోట కొనుక్కుంది. నాగేంద్రమ్మకు బేరం పోయినందుకు ఎంత మంట పుట్టిందో, తన మోకాలు ఊరు దాటిపోయినందుకు అంతకు రెండింతలు పుట్టింది. ఆమె చేతి కింద నాలుగైదు ఇళ్ళు నేస్తాయి. పట్టు, నూలు, జరీ ఆమె ఇస్తుంది, చీర మగ్గం దిగాక ఆమె తీసుకుంటుంది. ఒకప్పుడు కొనేవాళ్ళు ఇంటికే వచ్చి చాప మీద కూర్చునేవారు. ఆమె వాళ్ళ మొహం చూసి, లోపలికి వెళ్ళి, చేతికి అందిన నాలుగు చీరలు తెచ్చి పరిచేది. అందులో ఒకటి పోయేది. ఏ చీర ఎవరు నేసింది, నూలు ఒంటికి పట్టు అంచు కలిపే కుట్టు ఎవరిది ఎట్లా ఉంటుంది, అన్నీ ఆమె బుర్రలో ఉండేవి. ఆ బుర్రను వెతకడానికి ఎవరికీ వేలు నొప్పి పుట్టలేదు. ఫోను వచ్చాక ఈ అవస్థ అని ఆమె వాదం. ఆ వాదాన్ని ఆమె వంటింట్లో, వాకిట్లో, కూరగాయల బండి దగ్గర కూడా వినిపించింది.

రజనికి ఆ ఫోను ఉత్త ఫోను కాదు. ఆమెది వనపర్తి. తండ్రి మగ్గం మానేసి ఎప్పుడో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. ఆమె డిగ్రీలో కంప్యూటర్లు చదివింది గాని రాట్నం ముందు కూర్చోలేదు. పెళ్ళయి వచ్చిన కొత్తల్లో నేతకు కావలసిన నూలు కండెలు చుట్టమని కూర్చోబెడితే పట్టుకున్న పోగల్లా తెంపింది. ఇరుగమ్మ నవ్వింది, పొరుగమ్మ నవ్వింది, మగ్గం మీద ఉన్న మొగుడు శివ కూడా కాళ్ళు దించుకునే గుంటలోంచి తల ఎత్తకుండా నవ్వాడు. ఆ ఇంట్లో అందరికీ చేతిలో ఒక విద్య ఉంది, తనకొక్కదానికే లేదు. చీరల ఫోటోలు తీసి దూరం వాళ్ళకు చూపించడం మొదలుపెట్టిన నాటి నుంచే ఆమె ఆ ఇంట్లో తలెత్తుకొని తిరుగుతోంది. ఇప్పుడు ఆ తలకే ఎసరు వచ్చింది.

నాగేంద్రమ్మ తీర్పు చెప్పింది.

"శ్రావణం దాకా చూస్త. అప్పటికి గీ ఫోను గాడిన పడకుంటే అటక మీద పెట్టి, రాట్నం ముందల కూసో. ఇగ మాట్లాడేది లేదు."

రజని సరేనంది. అనక ఏం చేస్తుంది? ఇద్దరి మధ్యా మాట పెరిగినప్పుడల్లా శివ మగ్గం చప్పుడు కూడా పెరుగుతుంది. ఆ వేళ అది వీధి చివరిదాకా వినబడింది.

రజని పంతం పట్టింది. ఫోనులో కాకుండా నెట్టులో డ్రైవు అని ఒక చోటు ఉంటుంది, అక్కడ ఫోటోలన్నీ దాచుకోవచ్చు. అంతవరకు చాలామందికి తెలుసు. దాచినవి వాటంతట అవే సర్దుకునేటట్టు కూడా చేయవచ్చని ఆమె వీడియోలు చూసి నేర్చుకుంది. నాలుగు ముక్కలు రాసి పెడితే చాలు, గంటకోసారి కంప్యూటరే వచ్చి చూసుకుంటుంది. కొత్త ఫోటో కనబడితే దాని పేరులో మొదటి మాట తీసుకుంటుంది. ఆ పేరుతో ఫోల్డరు ఉంటే అందులో వేస్తుంది, లేకపోతే కొత్తది తెరిచి వేస్తుంది. మొదటి మాట రంగు కావాలని రజని నియమం పెట్టుకుంది. చిలకపచ్చ అంటే చిలకపచ్చ ఫోల్డరు, కనకాంబరం అంటే కనకాంబరం ఫోల్డరు. తాను పెట్టి చూసిన ఫోటోలు చెప్పినట్టే వెళ్ళి వాటి చోట్లలో కూర్చున్నాయి. కంప్యూటరుకు తెలివి ఉండదు, చెప్పిన మాట వినే గుణం ఉంటుంది. లోకం కోడళ్ళ దగ్గర కోరుకునేది కూడా సరిగ్గా అదే కాబట్టి, తన కింద కూడా ఒకటి అట్లాంటిది దొరికిందని రజని లోలోపల మురిసిపోయింది.

తరువాత నేతగాళ్ళ ఇళ్ళకు బయలుదేరింది. అందరి దగ్గరా ఫోన్లున్నాయి. చీర దిగగానే ఫోటో తీసి, డ్రైవులో వేసి, మైకు గుర్తు నొక్కి పేరు చెప్పాలి, అంతే. టైపు కొట్టే పని లేదు. మొదట రంగు, ఆ తరువాత అంచు. వెంకటన్న చేత రెండుసార్లు చెప్పించింది. అతను పెద్దవాడు, కోట కొమ్మ అంచు నేయడంలో చేయి తిరిగినవాడు, ఎవరు చెప్పినా తల ఊపి తనకు తోచింది చేసే రకం. ఈదమ్మ ఒంటరి మనిషి, నెమ్మదిగా నేస్తుంది, నెమ్మదిగా వింటుంది. ఆమె రజని చేయి పట్టుకొని, అర్థమైంది పో బిడ్డా అంది. అందరికీ అర్థమైంది. ఆ ఊళ్ళో అర్థం కాలేదన్న మనిషిని రజని ఇంతవరకు చూడలేదు.

మరునాడు పొద్దున డ్రైవు తెరిచి చూస్తే ఒకే ఒక్క ఫోల్డరు ఉంది. దాని పేరు శ్రీ. వచ్చిన చీరలన్నీ అందులోనే ఉన్నాయి.

రజని వెంకటన్నకు ఫోను చేసింది. మామా, మొదట రంగు చెప్పమన్నాను కదా అంది. చెప్పాను కదమ్మా, శ్రీ, గంధం రంగు, కోట కొమ్మ అన్నాడతను. ఆ శ్రీ ఎందుకు మామా అంటే అతను నొచ్చుకున్నాడు. శుభలేఖకు పైన శ్రీ, పద్దు పుస్తకానికి పైన శ్రీ, కొత్త పడుగు ఎక్కిస్తే పసుపు రాసి టెంకాయ కొట్టనిదే చేయి ఆడదు, అట్లాంటిది చీరకు పేరు పెడుతూ శ్రీకారం లేకుండా మొండిగా రంగు ఎట్లా చెప్పడం? వాళ్ళ తాత చెప్పలేదు, తండ్రి చెప్పలేదు. రజని వాదించలేదు. శ్రీ కనబడితే దాన్ని దాటేసి రెండో మాట పట్టుకోమని కంప్యూటరుకు చెప్పింది. ఆ సంగతి అందరికీ తెలియజేసింది కూడా. అదే ఆమె చేసిన పొరపాటు.

కంప్యూటరు శ్రీని లెక్కలోకి తీసుకోదట అనే మాట ఇల్లిల్లూ తిరిగింది. అందరికీ చిన్నబుచ్చినట్టయింది. శ్రీ ఒక్కటీ దానికి ఆనలేదేమో, పూర్తి పేరే చెబుదాం అనుకున్నారు. ఆ వారం దిగిన చీరలకు వెంకటన్న జై బీచుపల్లి ఆంజనేయ అని చెప్పాడు. ఈదమ్మ గద్వాల అమ్మవారిని తలచుకొని జములమ్మ తల్లి అని చెప్పింది. ఇంకో ఇంటివాళ్ళకు శ్రీరంగాపూర్ రంగనాయకస్వామి ఇలవేలుపు, వాళ్ళు ఆయన్ని తలచుకున్నారు. డ్రైవులో రంగులు తప్ప దేవుళ్ళందరూ వచ్చి కూర్చున్నారు. వెంకటన్న చీరలు మాత్రం జై అనే ఫోల్డరులోకి పోయాయి.

రజనికి ఏడుపొచ్చినంత పనైంది. మళ్ళీ ఇల్లిల్లూ తిరిగి, దేవుడి పేరు చెప్పుకోండి, కాదనను, కాని చివర చెప్పండి, మొదట రంగు రానివ్వండి అని బతిమాలింది. దాంతో అగ్గి రాజుకుంది. దేవుణ్ణి తోకలో పెట్టమంటోందని వెంకటన్న వచ్చి నాగేంద్రమ్మతో చెప్పాడు. నాగేంద్రమ్మ ఇట్లాంటి అదను కోసమే కాచుకొని ఉంది. చదువుకున్న పిల్ల కదా, దేవుణ్ణి వెనక్కి నెట్టి రంగును ముందుకు తెచ్చిందని వాకిట్లో నిలబడి వచ్చేపోయేవాళ్ళకు చెప్పింది. దేవుడంటే భయం లేని ఇంట్లో వ్యాపారం ఎట్లా నిలుస్తుందని కూడా అంది. ఆ మాట రజనికి గుచ్చుకుంది. రెండు పూటలు అన్నం సయించలేదు.

సయించని రెండో పూటే ఆమెకు దారి కనబడింది. వీళ్ళు దేవుడి పేరు మానరు. మానకపోతే పోనీ. కాని వెంకటన్న చచ్చినా ఆంజనేయుణ్ణి తప్ప ఇంకొకరిని తలవడు, ఈదమ్మ జములమ్మను తప్ప తలవదు. అంటే దేవుడి పేరు చూస్తే ఆ చీర ఎవరింటిదో తెలుస్తుంది. దేవుడి తరువాత ఎట్లాగూ రంగు చెబుతారు, దాన్ని బట్టి లోపల రంగులు విడదీసుకుంటే సరిపోతుంది. జై, తల్లి లాంటి మాటలనూ ఊరి పేరునూ దాటేయమని కంప్యూటరుకు చెప్పింది. పెద్ద ఫోల్డరు దేవుడిది, దాని లోపల చిన్న ఫోల్డర్లు రంగులవి. ఆ సాయంత్రం డ్రైవు తెరిస్తే ఆంజనేయుడి లోపల గంధం రంగు, జములమ్మ లోపల ఉల్లిపొర రంగు, చిలకపచ్చ, అన్నీ పొందిగ్గా అమరి ఉన్నాయి. ఎవరు ఏది అడిగినా క్షణంలో దొరుకుతోంది. నాగేంద్రమ్మ పరీక్ష పెడుతూ ఒకదాని వెనక ఒకటి అడిగింది. రజని ఒకదాని వెనక ఒకటి తీసి చూపింది. నాగేంద్రమ్మ బాగుందనలేదు. అడగడం మానేసింది. ఆ ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు లేదు.

శ్రావణం దగ్గర పడింది. అర్చన మళ్ళీ ఫోను చేసింది. చెల్లెలి పెళ్ళి నాగర్‌కర్నూలులో, నాయనమ్మ ఇంట్లో చేస్తున్నారు. పెళ్ళికూతురికి, ఇంట్లో ఆడవాళ్ళందరికీ చీరలు కావాలి. రజని గర్వంగా జములమ్మ ఫోల్డరు లింకు పంపింది, ఈదమ్మ పనితనం బాగుంటుందని అనుకొని. తోసి తోసి వెతకడాలు లేవు, గులాబీలు లేవు, మోకాళ్ళు లేవు. పావుగంటలో అర్చన నుంచి ఫోను వచ్చింది. నాగేంద్రమ్మ పక్కనే కూర్చుని ఉంది. అవతలి గొంతులో ఆత్రం అందరికీ వినబడింది. పెద్ద పెద్ద గుళ్ళలో అమ్మవారికి కట్టిన చీరలను వేలం వేస్తారు, జనం ఎగబడి కొనుక్కుంటారు. ఇవి కూడా అట్లాంటివేనా, జములమ్మకు కట్టిన చీరలా అని అర్చన అడిగింది. పెళ్ళికూతురు అమ్మవారి చీర కట్టుకొని పీటల మీద కూర్చుంటే ఎంత బాగుంటుందో అని పొంగిపోయింది.

రజని కాదు అనబోయింది. నాగేంద్రమ్మ ఆమె చేయి గట్టిగా నొక్కింది. కనుక్కొని చెబుతానని రజని ఫోను పెట్టేసింది.

నాగేంద్రమ్మ మెల్లగా, మనమైతే అబద్ధం చెప్పలేదు కదా అంది. వాళ్ళే అనుకున్నారు, మంచి మనసుతో అనుకున్నారు, మధ్యలో మనం కాదని వాళ్ళ మనసెందుకు విరవాలి అంది. రజని ముఖం చూసి, సరే, నీకంత పట్టింపుగా ఉంటే నిజమే చేద్దాం పద అని లేచింది. చీరలు మూట కట్టించుకొని, ఆటో పిలిచి, తిన్నగా జములమ్మ గుడికి పోయింది. ఆ మూటంతా అమ్మవారికి కట్టి విప్పాలని ఆమె కోరిక. పూజారి మూట వంక చూశాడు, వెనక నిలబడిన జనం వంక చూశాడు, ఇవన్నీ కట్టి విప్పాలంటే అమ్మవారికి తీరిక దొరకాలి కదమ్మా అన్నాడు. చివరికి మూటను మూటగానే గడప దగ్గర పెట్టి, కాస్త కుంకుమ చల్లి ఇచ్చాడు. నాగేంద్రమ్మకు అదే పదివేలు. ఇంటికి వచ్చి, ఫోను తీసుకొని, మైకు నొక్కి, అంతా అమ్మవారి దయ తల్లీ అని తన గొంతుతోనే అర్చనకు పంపింది. జీవితంలో ఆమె పంపిన మొదటి వాయిస్ మెసేజి అదే.

ఇక చూడాలి సంబరం. అర్చన తన చుట్టాల గ్రూపులో పెట్టింది. వాళ్ళు వాళ్ళ చుట్టాల గ్రూపుల్లో పెట్టారు. జములమ్మ చీర కావాలి, జములమ్మ చీర ఉందా, మాకొకటి ఉంచండి అని ఫోను మోగుతూనే ఉంది. నాగేంద్రమ్మ ఎన్నడూ లేనిది కోడలికి స్వయంగా టీ పెట్టి తెచ్చి ఇచ్చింది. ఫోను చార్జింగు ఉందా అని పదే పదే అడిగింది. అటక మాట, రాట్నం మాట మళ్ళీ ఎత్తలేదు. రజని గెలిచింది. గెలిచాక టీ చేదుగా ఎందుకుందో ఆమెకు తెలుసు. చక్కెర తక్కువై మాత్రం కాదు.

అన్నింటికంటే ఈదమ్మను చూస్తే ఆమెకు తల కొట్టేసినట్టుండేది. ఈదమ్మ చీరలు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవి, ఆలస్యంగా పోయేవి. ఇప్పుడు అందరూ ఆమెవే అడుగుతున్నారు. ఆమె రోజూ వచ్చి, ఈ వేళ ఎవరు అడిగారు, ఏమన్నారు, అంచు నచ్చిందన్నారా, కుట్టు చూశారా అని ఆశగా అడిగేది. రజని ఏదో ఒకటి చెప్పి పంపేది. కుట్టు సంగతి ఒక్కరూ అడగలేదని మాత్రం చెప్పలేకపోయేది.

వెంకటన్న అలిగాడు. తన ఆంజనేయుడు ఏం తక్కువ చేశాడని అడిగాడు. బీచుపల్లి స్వామిని నమ్ముకున్నవాడికి ఒక్క చీర పోకపోవడం, జములమ్మ తల్లి దగ్గర జాతర సాగడం అతనికి న్యాయంగా అనిపించలేదు. వాకిట్లో కూర్చున్నవాడు లేవలేదు. పోరు పడలేక నాగేంద్రమ్మ తానే ఆంజనేయుడి ఫోల్డరు లింకు అర్చన వాళ్ళకు పంపేసింది. లింకు పంపడం కూడా నేర్చేసుకుంది ఆమె. పంపిన తరువాత ఆలోచించడం మాత్రం ఇంకా నేర్చుకోలేదు.

మరునాడు మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోను వచ్చింది. రజని స్పీకరు పెట్టింది. అవతల ఒక పెద్దావిడ. తొందర లేని గొంతు.

"నేను నాగర్‌కర్నూల్ రుక్కమ్మను. అర్చన నాయనమ్మను. బిడ్డా, నాకొక ముచ్చట తెల్వక అడుగుతున్న. బీచుపల్లికి మేము ఏటా పోతం. స్వామి ఒంటి మీద సింధూరం చూసిన, తమలపాకుల దండ చూసిన. చీర ఎన్నడు చూడలే. బ్రహ్మచారికి చీర ఎవరు కట్టిన్రు?"

శివ మగ్గం ఆగిపోయింది. ఎంత గొడవ జరిగినా ఆగని మగ్గం అది. నాగేంద్రమ్మ చేతులు తిప్పుతూ, పెదాలు కదుపుతూ, పక్కన సీతమ్మ ఉంటది కద, ఆమెకని చెప్పు అని గుసగుసలాడింది. అప్పటికప్పుడు అంత మాట తోచినందుకు వేరే సమయమైతే రజని ఆమెకు దండం పెట్టేది.

రజని ఫోను వంక చూసింది. ఒక్క మాట అంటే చాలు. సీతమ్మ చీర అంటే అవతలి ముసలమ్మ నమ్మినా నమ్ముతుంది. ఫోను చేతిలో ఉంటుంది, ఇంట్లో మాట నిలుస్తుంది. అనకపోతే శ్రావణం ఇంకా మొదలవకముందే అటక ఎక్కించాల్సిందే. రాట్నం, తెగే పోగులు, ఇరుగుపొరుగుల నవ్వులు అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. ఆమెకు నిజంగా భయమేసింది. అయినా చెప్పింది.

"అమ్మమ్మా, ఏ దేవుడికి కట్టలేదు. అవి మా నేతగాళ్ళు నేసిన కొత్త చీరలు. ఫోటోకు పేరు చెప్పేటప్పుడు ఎవరింటి దేవుణ్ణి వాళ్ళు తలుచుకుంటరు. కంప్యూటరు ఆ పేరు పట్టుకొని సర్దింది. జములమ్మ అని ఉన్నయి ఈదమ్మత్త నేసినయి. ఆంజనేయ అని ఉన్నయి వెంకటన్న మామ నేసినయి. అమ్మవారికి కట్టిన చీరలని మీరనుకున్నరు, మేము కాదనలేదు. ఆ తప్పు మాది."

ఆ ఉల్లిపొర రంగు చీర కూడా ఈదమ్మ నేసిందేనా అని రుక్కమ్మ అడిగింది. అవునంది రజని. కుట్టు దగ్గర ముడతలు లేకుండా నేసింది, మంచి చేయి, అది నాకు ఉంచు, పిల్లల సంగతి నాకు తెల్వదు అని చెప్పి పెట్టేసింది.

పిల్లల సంగతి సాయంత్రానికల్లా తెలిసింది. ఇప్పుడు వద్దులెండి అని ఒకరు, మావారితో మాట్లాడి చెబుతామని ఒకరు, ఏమీ చెప్పకుండా ఫోను ఎత్తడం మానేసినవారు కొందరు. అర్చన మాత్రం, ముందే చెప్పి ఉంటే బాగుండేది అక్కా అని ఒక్క మాట రాసింది. రజనికి అన్నిటికంటే అదే ఎక్కువ తగిలింది.

ఆమె ఈదమ్మ ఇంటికి పోయి జరిగిందంతా చెప్పింది. ఈదమ్మ ఎప్పటిలాగే నెమ్మదిగా వింది. ఇంతమంది ఒక్కసారి తన చీరల మీద పడేసరికి తనకూ అనుమానంగానే ఉండిందని, ఆ ముసలామె కుట్టు చూసి అడిగిందంటే తనకు చాలని అంది. రజని కళ్ళు తుడుచుకుంటుంటే తానే ఓదార్చి పంపింది.

ఇంటికి వచ్చి రజని ఫోను కట్టేసి, స్టూలు వేసుకొని, అటక మీద చింతపండు డబ్బా పక్కన పెట్టింది. దిగి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. చక్రం తిప్పింది. పోగు తెగింది. ముడి వేసి మళ్ళీ తిప్పింది. మళ్ళీ తెగింది. శివ మగ్గం గుంటలోంచి చూశాడు గాని ఈసారి నవ్వలేదు. పెరట్లో ఉన్న నాగేంద్రమ్మకు ఆ చప్పుడు వినబడుతూనే ఉంది. చక్రం తిరగడం, ఆగడం, తిరగడం, ఆగడం. ఆమె చాలాసేపు అక్కడే చాట పట్టుకొని కూర్చుంది. చాటలో బియ్యం ఎప్పుడో ఏరడం అయిపోయింది.

చివరికి లోపలికి వచ్చి, కోడలి వెనక నిలబడి, తెగిన పోగుల కుప్పను చూసింది.

"లే. నూలంత ఖరాబ్ చేస్తున్నవ్."

రజని లేవలేదు. ఇంకో పోగు పట్టుకుంది. నాగేంద్రమ్మ నొప్పి మోకాలు మడవలేక మడుస్తూ ఆమె పక్కనే కింద చతికిలబడింది. కోడలి చేతిలోంచి పోగు మెల్లగా తీసుకుంది. ఆమె ముఖం చూడకుండా, చక్రం వంక చూస్తూ మాట్లాడింది.

"దేవుణ్ణి ఎనకకు పెడ్తున్నవని నిన్ను ఊరంత వినేటట్టు తిట్టిన. ఆ దేవుణ్ణే అమ్ముకుందామని చూసింది నేను. నువ్వు కాదు. పోయి ఫోను దించుకో. కండెలు నేను చుట్టుకుంట."

నాగేంద్రమ్మ చేతి కింద పోగు తెగకుండా సాగింది, కండె నిండుతూ వచ్చింది. కాసేపటికి గుంటలోంచి శివ లేచి, చేతులు తుడుచుకొని, స్టూలు అటక కిందకు జరిపాడు.